జెల్లీకి క్యూబు పరీక్ష

కొత్తరేవు బాలికల వసతిగృహంలో పెమ్మాడి అచ్చియ్యమ్మ వంటమనిషిగా చేరి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె మీద ఒక్క ఫిర్యాదూ పై ఆఫీసుకు వెళ్ళలేదు. ఆమె పేరు మొదటిసారి పైకి వెళ్ళింది ఒక మెచ్చుకోలు వల్ల. ఆమె కష్టాలు కూడా సరిగ్గా అక్కడినుంచే మొదలయ్యాయి.

వసతిగృహం భోజన పట్టికలో ఆదివారం సాయంత్రానికి ‘ఒక పండు’ అని రాసి ఉంటుంది. ఏ పండో, ఏ స్థితిలో ఉండాలో రాసి ఉండదు. ఆ వసతిగృహాన్ని వేసవి సెలవుల్లోనూ మూయరు. వేసవి వచ్చిందంటే పుచ్చకాయలు ఒక పక్క నలిగి, ద్రాక్షలు గుత్తి విడిచి రాలి, మామిడిపళ్ళు మచ్చలు పడి వచ్చేవి. పిల్లలు వాటిని వాసన చూసి అవతల పెట్టేవారు. పారబోయడానికి అచ్చియ్యమ్మకు మనసొప్పేది కాదు. చెడిన మేరకు కోసి తీసేసి, బాగున్నదంతా రసం తీసి, ఆ రసంతో జెల్లీ చేసేది.

ఆ విద్య ఆమెకు రామేశ్వరం వైపు ఉన్నప్పుడు అబ్బింది. పెళ్ళైన కొత్తలో మొగుడు పడవ పనికి అటు వెళ్తే తనూ వెళ్ళి నాలుగేళ్ళు ఉంది. అక్కడి ఆడవాళ్ళు నడుముకు సంచి కట్టుకుని సముద్రంలో మునిగి నాచు కోసుకొచ్చేవారు. ఆ నాచునుంచి తీసిన తెల్లటి పీచును పక్కింటి మైమూనమ్మ రంజాన్ నెలలో నీళ్ళలో మరిగించి, పాలో పళ్ళరసమో కలిపి పళ్ళేల్లో పోసేది. కాసేపటికి అది దానంతటదే పేరుకునేది. కత్తి పెడితే ముక్కలుగా తెగేది, నోట్లో పెడితే కరిగిపోయేది. కొత్తరేవు కిరాణా కొట్లో అదే పీచు ‘చైనా గ్రాస్’ అన్న పేరుతో పొట్లాల్లో దొరికినప్పుడు, ఎప్పుడో విడిపోయిన చుట్టాన్ని చూసినట్టు సంబరపడింది అచ్చియ్యమ్మ.

ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం నాలుగింటికి నూటముప్ఫైమంది పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడేవారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. పుచ్చకాయ జెల్లీ ఎర్రగా, ద్రాక్ష జెల్లీ ఊదాగా, కొబ్బరినీళ్ళ జెల్లీ అద్దంలా ఉండేది. పళ్ళెం కదిపితే ముక్క వణికేది, ముక్క వణికితే పిల్లలు నవ్వేవారు. ఆదివారపు సంగతి అంతే. అందులో ప్రభుత్వం కలగజేసుకోవలసినది ఏమీ లేదు.

ఒక ఏప్రిల్ ఆదివారం, ముందుగా చెప్పకుండా జాయింట్ డైరెక్టర్ వైకుంఠరావు తనిఖీకి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉత్సాహవంతుడు. అంతకు ముందు ఏడాది ‘వసతిగృహానికొక తేనెపట్టు’ అనే కార్యక్రమం పెట్టి, పదకొండుమంది వార్డెన్లు మొహాలు వాచి సెలవు పెట్టేదాకా దాన్ని వదల్లేదు. ఆవేళ ఎండకు తాళలేక వంటింటి అరుగుమీద కూర్చుంటే, అచ్చియ్యమ్మ ఒక పళ్ళెంలో జెల్లీ పెట్టి ఇచ్చింది. ఆయన ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్క తిన్నాడు. మూడో ముక్కను గాలిలోకి ఎత్తి, వెలుగుకు పట్టి చూశాడు.

ఇది ఇంత చల్లగా, ఇంత గట్టిగా ఎలా వచ్చింది, ఇక్కడ ఫ్రిజ్ లేదు కదా అని అడిగాడు. ఫ్రిజ్ అక్కర్లేదండి, గంటలో దానంతటదే గట్టిపడిపోద్దండి అని చెప్పింది అచ్చియ్యమ్మ. ‘దానంతటదే’ అన్న మాట ఆయనను కదిలించింది. తన పాతికేళ్ళ ఉద్యోగంలో ఆ శాఖలో దానంతటదే అయిన పని ఆయన చూడలేదు.

తనిఖీ పుస్తకంలో ఆకుపచ్చ సిరాతో ఇలా రాశాడు: “ఈ వసతిగృహమునందు తయారగుచున్న ఫలరస జెల్లీ మిక్కిలి ప్రశంసనీయము. దీనిని రాష్ట్రమందలి రెండువందల పన్నెండు వసతిగృహములలో ప్రవేశపెట్టుటకు గల సాధ్యాసాధ్యములను సాంకేతికముగా పరిశీలించి నివేదించవలెను.”

వార్డెన్ సువర్చల ఆ వాక్యాలు చదివి కుర్చీలో కూలబడింది. ఇరవై ఏళ్ళుగా వసతిగృహాలు నడుపుతున్న మనిషి. తిట్టు పడితే ఎలా తప్పించుకోవాలో ఆమెకు తెలుసు. మెచ్చుకోలుకు మందు ఆమె దగ్గర లేదు.

“అచ్చియ్యమ్మా, ఆయనకు అరటిపండు ఇచ్చి పంపించేయలేకపోయావా?” అంది నీరసంగా.

“అరటిపండు నల్లగా ఉందండి” అంది అచ్చియ్యమ్మ.

ప్రధాన కార్యాలయంలో ఫైలు తెరుచుకుంది. దాని చివర ‘సాంకేతికముగా’ అన్న ఒక్క మాట ఉంది కాబట్టి, ఏ సాంకేతిక విభాగం అన్నది ముందు తేలాలి. పదార్థం పేరులో గ్రాస్ ఉంది గనుక పశుగ్రాస విభాగానికి పంపారు. ఆ విభాగంవారు ఒక పొట్లం తెప్పించి ఆవు ముందు పెట్టి, ఆవు తినలేదు కనుక ఇది తమ పరిధిలోకి రాదని రాసి పంపారు. సముద్రంలో పుట్టినది గనుక మత్స్య విభాగానికి పంపారు. వారు దానికి మొప్పలు, రెక్కలు, పొలుసులు లేవని ధ్రువీకరిస్తూ తిప్పి పంపారు. పేరులో చైనా ఉంది కాబట్టి ఎవరో రక్షణ విషయాలు చూసేవారికి కూడా పంపబోయారు గాని, ఆ కవరు మీద ఏ చిరునామా రాయాలో తెలియక ఆగిపోయారు.

చివరికి ఒక సూపరింటెండెంటు బుర్ర పెట్టి ఆలోచించాడు. పేరు పక్కన పెట్టి గుణం చూడమన్నాడు. ఈ వస్తువు మొదట ద్రవం. దాన్ని నీటితో నిర్ణీత పాళ్ళలో కలుపుతారు. అచ్చులో పోస్తారు. కొంత కాలానికి గట్టిపడుతుంది. ఇలా కలిపి, పోసి, గట్టిపడనిచ్చే పదార్థాలకు శాఖలో ఇప్పటికే నియమావళి ఉంది. దాన్ని అమలు చేసే విభాగమూ ఉంది. దాని పేరు ఇంజనీరింగ్ విభాగం.

ఇంజనీరింగ్ విభాగం ఈ తర్కాన్ని కాదనడానికి రెండు వారాలు ప్రయత్నించింది. నియమావళిలో కాంక్రీటు అధ్యాయం మొదటి వాక్యమే ‘కలిపి, అచ్చునందు పోసి, గట్టిపడనిచ్చు సమస్త పదార్థములకు వర్తించును’ అని ఉండటంతో వేరే దారి లేక ఒప్పుకుంది. ఆ విధంగా అచ్చియ్యమ్మ జెల్లీ సివిల్ వర్క్స్ కిందికి వచ్చింది.

మే నెల మొదటి వారంలో అసిస్టెంట్ ఇంజనీరు కృపానందం కొత్తరేవు వచ్చాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, సన్నగా, తక్కువ మాట్లాడేవాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో తను సంతకం పెట్టిన గోడ ఒక్కటీ కూలలేదన్న గర్వం ఒక్కటే ఆయనకున్న ఆస్తి. చేతిలో టేపు, చంకలో నియమావళి, వెనక జీపులో ఇనప గరాటు ఒకటి. ఆ గరాటును బోర్లా పెట్టి కాంక్రీటు నింపి పైకి లాగితే, లోపలి ముద్ద ఎంత జారిందో కొలిచి అది పనికొస్తుందో లేదో చెప్తారు.

ఆయన మర్యాదగానే మొదలుపెట్టాడు. పాళ్ళు ఎంత అని అడిగాడు. నూటముప్ఫైమందికి రెండు గుప్పిళ్ళ పీచు అని చెప్పింది అచ్చియ్యమ్మ. ఎవరి గుప్పిడి అన్నాడు. నాదేనండి అంది. ఆయన ఆమె గుప్పిడి పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకున్నాడు. ఎంత ఎత్తునుంచి పోస్తారని అడిగాడు. చేతికి అందినంత అంది. పోశాక లోపల గాలి బుడగలు లేకుండా యంత్రంతో కుదుపుతారా అని అడిగాడు. లేదండి, గరిటతో నురగ తీసేత్తానండి, పిల్లలకి నురగ నచ్చదండి అంది. ఆ మాట కూడా ఆయన రాసుకున్నాడు.

ఆ తర్వాత గరాటు పరీక్ష. అచ్చియ్యమ్మ పొయ్యిమీదనుంచి దించిన మామిడి రసాన్ని గరాటులో పోసి, ఆయన దాన్ని నెమ్మదిగా పైకి ఎత్తాడు. రసం వంటింటి గడప దాటి, వరండా దాటి, మెట్లు దిగి, వార్డెన్ ఆఫీసు గుమ్మందాకా వెళ్ళింది. ఆయన టేపు పట్టుకుని దాని వెనకాలే వెళ్ళాడు. ‘జారుడు: ఇరవై రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు’ అని రాసి, కింద గీత గీశాడు. నియమం ప్రకారం పది సెంటీమీటర్లు దాటకూడదు.

“అది ఇంకా గట్టిపడలేదండి. గంట ఆగితే ఎక్కడికీ ఎల్లదండి” అంది అచ్చియ్యమ్మ.

“పోసేటప్పటి పరీక్ష పోసేటప్పుడే చెయ్యాలమ్మా” అన్నాడు కృపానందం. ఆయన గొంతులో కోపం లేదు. బాధే ఉంది.

గట్టిపడ్డ తర్వాతి పరీక్ష ఇంకొకటి ఉంది. ఆయన తెచ్చిన ఇనప పెట్టెల్లో, జానెడు పొడవు, జానెడు వెడల్పు, జానెడు ఎత్తుండే ఆరు క్యూబులు పోయించాడు. కాంక్రీటు బలం వెంటనే రాదు, నీళ్ళు పట్టాలి. ఏడు రోజులు తడి గోనెసంచులు కప్పి, రోజుకు నాలుగుసార్లు నీళ్ళు చల్లాలని చెప్పాడు. మే నెల, వంటింట్లో, తడి గోనెసంచుల కింద, మామిడి జెల్లీ. అచ్చియ్యమ్మ ఏదో చెప్పబోయింది. వార్డెన్ సువర్చల ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

మూడో రోజుకు చీమలు వచ్చాయి. ఐదో రోజుకు క్యూబులకు ఆకుపచ్చ రంగు మీసాలు మొలిచాయి. ఏడో రోజు కృపానందం వచ్చి గోనెసంచి ఎత్తి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని, ‘క్యూరింగు సమయమున ఉపరితలమునందు వృక్షజాలము గమనింపబడినది’ అని రాశాడు. కాస్త నయంగా ఉన్న క్యూబును జీపులో పెట్టుకుని జిల్లా ప్రయోగశాలకు తీసుకెళ్ళాడు. అక్కడ క్యూబును నలిపి దాని బలం చెప్పే పెద్ద యంత్రం ఉంది. యంత్రం పై పలక దిగి క్యూబును తాకింది. క్యూబు మారు మాట్లాడకుండా కింది పలకకు అంటుకుంది. ముల్లు కదలలేదు. యంత్రం చెడిందేమోనని అనుమానమొచ్చి ఒక ఇటుకను పెట్టి చూశారు. యంత్రం బాగానే ఉంది.

పది రోజుల్లో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది వసతిగృహానికి. ‘బలము శూన్యమని తేలినందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము జెల్లీ నిర్మాణ పనులను తక్షణము నిలిపివేయవలెను.’ రెండోది అచ్చియ్యమ్మకు. ‘గత ఆరు సంవత్సరములుగా ఎట్టి అనుమతి లేకుండ నాణ్యతారహితమైన పోతలను నిర్మించి, వాటిని బాలికలకు వినియోగించినందులకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేనియెడల విధులనుండి తొలగింపబడుదురు.’

వార్డెన్ చదివి వినిపిస్తుంటే అచ్చియ్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చదవడం అయ్యాక, ‘నాణ్యతారహితం’ అంటే ఏమిటండి అని అడిగింది. మంచిది కాదని అర్థం అని సువర్చల చెప్పింది. అచ్చియ్యమ్మ తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట సాంబారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేకపోలేదు. కాని పిల్లలకు పెట్టిన తన చేతి వంటను మంచిది కాదనడం ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ ఆదివారం నాలుగింటికి అలవాటు ప్రకారం పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పళ్ళేల్లో నలిగిన పుచ్చకాయ ముక్కలు పడ్డాయి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ముక్కను ఒకసారి కదిపి చూసింది. అది వణకలేదు.

ఇంతలో వైకుంఠరావు ఊరుకోలేదు. తన కార్యక్రమానికి బలం చాలలేదంటే బలం పెంచాలి గాని కార్యక్రమం ఆపకూడదన్నది ఆయన పద్ధతి. ఇంజనీరింగ్ విభాగం ముఖ్య కార్యాలయంలో ముగ్గురు నిపుణులు కూర్చుని కొత్త పాళ్ళు తయారుచేశారు. పీచు నలభై రెట్లు పెంచారు. చక్కెర బలానికి పనికిరాదని తేలడంతో తీసేశారు. పళ్ళరసం వల్ల పట్టు తగ్గుతోందని తేలడంతో దాన్నీ తీసేసి, రంగు మాత్రం ఉంచారు. ఎండ తగలకుండా, చీమ దూరకుండా మూసిన గదిలో గాలి పట్టించి, ఇరవై ఎనిమిది రోజులు ఆగారు. బల్లంత పొడుగున ఒక పలక తయారైంది.

జులై నెలలో కొత్తరేవు వసతిగృహం ఆవరణలో షామియానా వేసి, ఆ పలకను రెండు ఇటుక దిమ్మెల మీద పెట్టి, మధ్యలో ఇసక బస్తాలు పేర్చారు. ఒకటి, రెండు, ఐదు. పలక కొంచెం వంగింది గాని విరగలేదు. బస్తాలు తీస్తే తిరిగి లేచింది. చప్పట్లు మోగాయి. కృపానందం సంతకం పెట్టవలసిన చోట సంతకం పెట్టాడు. ఇది కూడా కూలలేదు. అయినా ఆయన మొహంలో సంతోషం కనపడలేదు.

తర్వాత వైకుంఠరావు చాకు తీసుకుని కొయ్యబోయాడు. చాకు వంగింది. ఇంకో చాకు తెచ్చారు. చివరికి కిటికీ ఊచలు కోసే రంపం తెచ్చి ఒక ముక్క తీశారు. ఆయన దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. వార్డెన్ సువర్చల స్వాగతోపన్యాసం మొదలుపెట్టింది. స్వాగతం అయ్యేసరికి ఆయన నములుతున్నాడు. నివేదిక చదవడం అయ్యేసరికి నములుతున్నాడు. ముఖ్య అతిథి ప్రసంగం అని ప్రకటిస్తే లేచి నిలబడ్డాడు, చెయ్యి ఊపాడు, మళ్ళీ కూర్చుని నమిలాడు. ఉమ్మడానికి హోదా అడ్డం వచ్చింది, మింగడానికి గొంతు అడ్డం వచ్చింది. ప్రసంగపాఠాన్ని ఆయన చదివినట్టుగా అందరూ భావించాలని నిర్వాహకులు మైకులో కోరారు.

ఆ సాయంత్రమే ధ్రువపత్రం వచ్చింది. ‘పరీక్షించిన జెల్లీ అన్ని ప్రమాణములయందు ఉత్తీర్ణమైనది. తినుటకు అవకాశము కనిపించలేదు. అయితే తినుట ఈ విభాగము పరిధిలోనిది కాదు.’

ఉత్తీర్ణమైన జెల్లీ ముక్కలు ఆ ఆదివారం పిల్లలకు పంచారు. అవి పెన్సిలు గీతలు చెరపడానికి బాగా పనికొచ్చాయి. రెండు ముక్కలు తలుపులు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. అచ్చియ్యమ్మ సంజాయిషీ గడువుకు ఇక నాలుగు రోజులే ఉంది. ఆ గడువును అప్పటికే సువర్చల రెండుసార్లు పొడిగింపించింది. మూడోసారి పొడిగించే అధికారం ఎవరిదో తేలలేదు.

మర్నాడు కృపానందం తన ఇనప గరాటు, ఇనప పెట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. పిల్లలు బడికి వెళ్ళిపోయారు. అచ్చియ్యమ్మ పెట్టెలన్నీ కడిగి ఎండలో బోర్లించి ఉంచింది. పెట్టెలు తీసుకున్నాక కూడా ఆయన వెళ్ళకుండా అరుగుమీద కూర్చున్నాడు. కాసేపటికి, తలెత్తకుండా, ఒక సంగతి చెప్పాడు. ఆ రోజు గరాటు పరీక్షకు పోయగా గిన్నెలో మిగిలింది పేరుకుందని, వెళ్ళేముందు ఎవరూ చూడకుండా ఒక చెంచాడు తిన్నానని, దాన్ని గురించి రిపోర్టులో ఎక్కడా రాయలేకపోయానని చెప్పాడు. రాయడానికి గడి లేదట.

అచ్చియ్యమ్మ లోపలికి వెళ్ళింది. పని నిలిపెయ్యమన్నది పిల్లలకు పెట్టే జెల్లీని గాని, తన ఇంటికి చేసుకునేదాన్ని కాదు కాబట్టి, పొద్దున ఇంటి దగ్గర చేసుకుని తెచ్చిన ద్రాక్ష జెల్లీ ఒక పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఆయన తిన్నాడు. ఆమె గడపలో కూర్చుంది.

“ఒకటి అడుగుతానండి, కోప్పడకండి. ఆ మిషను కింద పెట్టి నలిపేత్తారు కదండి. నలిగిపోయిన ముక్కలు ఆనక ఏం చేత్తారండి?”

“ఏమీ చెయ్యం. పరీక్షంటేనే పగలగొట్టడం. దాన్ని ధ్వంస పరీక్ష అంటారు. ఆ క్యూబు మళ్ళీ ఎవరికీ లెక్కలో ఉండదు” అన్నాడు కృపానందం.

“బాగోకపోతేనండి? ఫెయిలైపోతేనండి?”

“మళ్ళీ పోసి, ఏడు రోజులకు మళ్ళీ పరీక్ష చెయ్యాలి. పాసయ్యేదాకా చేస్తూనే ఉండాలి. మధ్యలో ఆపితే తప్పు.”

అచ్చియ్యమ్మ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టింది.

“ఏడు రోజులంటే ఆదివారానికి ఆదివారమే కదండి” అంది. “మరి నలపడానికి ఆ మిషనే ఉండాలని రాసుందా అండి?”

కృపానందం చెంచా పళ్ళెంలో పెట్టాడు. చంకలోనుంచి నియమావళి తీశాడు. పద్దెనిమిదేళ్ళుగా చదువుతున్న పుస్తకాన్ని మొదటిసారి చదువుతున్నట్టు వేలు పెట్టి చదివాడు. ‘నమూనాను రెండు గట్టి తలముల మధ్య ఉంచి, విరిగిపోవు వరకు క్రమముగా ఒత్తిడి కలుగజేయవలెను’ అని ఉంది. యంత్రం అన్న మాట లేదు. రెండు గట్టి తలములు అని మాత్రమే ఉంది. ఆయన నాలుకతో తన పై పళ్ళను ఒకసారి, కింది పళ్ళను ఒకసారి తడిమి చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకో ముక్క అడిగి తిన్నాడు. క్రమంగా ఒత్తిడి కలుగజేస్తూ తిన్నాడు. అక్కడే అరుగుమీద కూర్చుని, కార్బన్ పెట్టి మూడు ప్రతుల్లో నివేదిక రాశాడు. వంటమనిషి అచ్చియ్యమ్మ తరఫున సంజాయిషీ కూడా ఆయనే రాశాడు. గడచిన ఆరేళ్ళుగా జరిగినది నిర్మాణం కాదని, అవగాహన లేక నమోదు చేయని వారాంతపు నాణ్యతా పరీక్ష అని, ప్రతి నమూనా నియమానుసారం పూర్తిగా ధ్వంసం చేయబడిందని, ఒక్క నమూనా కూడా ఉత్తీర్ణం కానందున పరీక్షలను మధ్యలో నిలిపివేయడం నియమావళికి విరుద్ధమని అందులో ఉంది. నలభై రెట్ల పలక వేరే పాళ్ళతో పోసినది కనుక, దాని ఫలితం ఈ పాళ్ళకు వర్తించదని కూడా ఉంది. అచ్చియ్యమ్మ కింద సంతకం పెట్టింది. ఆమె చదువు ఐదో తరగతి వరకే అయినా సంతకం గుండ్రంగా ఉంటుంది.

నివేదిక పైకి వెళ్ళింది. పశుగ్రాస విభాగం దగ్గర ఆగలేదు, మత్స్య విభాగం దగ్గర ఆగలేదు. నేరుగా వైకుంఠరావు బల్లమీదికి వచ్చింది. ఆయనకు అప్పటికి దవడ నొప్పి తగ్గి రెండు రోజులైంది. నివేదిక పైన ‘నిరంతర వారాంతపు నాణ్యతా పరీక్షా కార్యక్రమము’ అన్న శీర్షిక చూశాడు. అందులో నిరంతర ఉంది, నాణ్యత ఉంది, కార్యక్రమం ఉంది. లోపల ఏముందో చదవకుండానే ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు. చదివే పెట్టాడని, చదివినట్టు తెలియకూడదని గబగబా పెట్టాడని కొందరంటారు. ఆయన అంత అమాయకుడు కాదని వాళ్ళ నమ్మకం.

ఉత్తర్వు ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. అచ్చియ్యమ్మ మీద చర్య విరమించారు. ఆమెను నమూనాల తయారీదారుగా గుర్తించారు. పీచు, పళ్ళు పరీక్షా సామగ్రి కింద ప్రతి వారం వసతిగృహానికి అందాలన్నారు. పరీక్షా సామగ్రి నలిగి ఉండకూడదని నియమం కనుక, ఆ వారం నుంచి పుచ్చకాయలు గుండ్రంగా రావడం మొదలైంది.

ఆ ఆదివారం నాలుగింటికి నూటముప్ఫైమంది పరీక్షకులు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కృపానందం సాక్షిగా వచ్చి రిజిస్టరు తెరిచాడు. అచ్చియ్యమ్మ పెద్ద పళ్ళేన్ని వరండాలోకి తెచ్చి కత్తి పెట్టి గీతలు గీసింది. రెండున్నర నెలల తర్వాత చూసిన జెల్లీ వణుకుతుంటే, తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. ఐదు నిమిషాల్లో పరీక్ష ముగిసింది. ‘నమూనాలు: నూటముప్ఫై. ధ్వంసమైనవి: నూటముప్ఫై. బలము: శూన్యము. ఫలితము: అనుత్తీర్ణము. పునఃపరీక్ష: వచ్చు ఆదివారము.’

కృపానందం సంతకం పెట్టాడు. తను సంతకం పెట్టినవాటిలో మొట్టమొదట కూలినది ఇదే. ఆయన మొహం చూస్తే ఆ విచారం ఎక్కడా కనపడలేదు. ఆయన ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. సాక్షి కూడా ఒక నమూనాను స్వయంగా పరీక్షించవచ్చునని ఆయనే ఒక సవరణ చేర్చుకున్నాడు.

ఇదంతా జరిగి ఇప్పటికి మూడేళ్ళు. ఇన్ని పరీక్షల్లో ఒక్క నమూనా కూడా ఎందుకు పాసు కాలేదని ఆ మధ్య ఒక అధికారి వచ్చి అడిగాడు. పిల్లలు చాలా గట్టిగా పరీక్షిస్తారండి అని సువర్చల చెప్పింది. ఆయన రెండు నమూనాలు తానే పరీక్షించి, ఫలితం సరిగానే ఉందని రాసి వెళ్ళాడు.

మొన్న జూన్‌లో ఐదో తరగతిలో వీరవేణి అనే పిల్ల కొత్తగా చేరింది. చేరిన మొదటి ఆదివారం, మూడున్నరకు, అందరూ పరీక్ష పరీక్ష అంటూ పరిగెత్తుతుంటే విని, మంచాల గదిలో పెట్టె వెనక దాక్కుంది. రిజిస్టరులో ఒక నమూనా మిగిలిపోయిందని కృపానందం చెప్తే, అచ్చియ్యమ్మ పళ్ళెం పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళింది. పిల్ల మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఉంది. నేనేమీ చదవలేదండి, నిన్ననే వచ్చానండి అంది.

అచ్చియ్యమ్మ ఆమె పక్కనే నేలమీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టింది. నల్లటి పన్నీరు ద్రాక్షతో చేసిన జెల్లీ. పిల్ల దాన్ని వేలితో ముట్టుకుంది. అది వణికితే వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత కొంచెం కొరికింది. తర్వాత మొత్తం తినేసింది. పళ్ళెం అంచున మిగిలిన రసాన్ని వేలితో తీసి నాకింది.

“ఇప్పుడు నేను పాసా, ఫెయిలాండి?” అని అడిగింది.

“నువ్వు పాసేనమ్మా. జెల్లీయే ఫెయిలు.”

పిల్ల ఖాళీ పళ్ళెంవైపు జాలిగా చూసింది.

“అయితే పాపం, దానికి మళ్ళీ పరీక్ష పెడతారా?”

“ఆయ్, వచ్చే ఆదివారం” అంది అచ్చియ్యమ్మ. “ఈసారి తొందరగా రా. సాక్షి గారు రెండేసి పరీక్షిత్తన్నారు.”